తీర్మానం ప్రకారం చలి

కాసెల్ నగరంలో, టోప్ఫర్ వీధి పదకొండో నంబరు భవనంలో, రెండో అంతస్తులో నివసించే ఇర్మెలా వీగాండ్ గారి సంగీత గదికి మూడు కిటికీలున్నాయి. ఆ మూడూ ఆవిడవి కావు.

గది ఆవిడదే. గదిలో పియానో ఆవిడదే. గోడకి లోపలివైపు వేసిన రంగు కూడా, లాయర్ల అభిప్రాయం ప్రకారం, దాదాపుగా ఆవిడదే. కిటికీలు మాత్రం ఆ భవనంలో ఫ్లాట్లున్న యజమానులందరి ఉమ్మడి ఆస్తి. ఎందుకంటే కిటికీ బయటికి కనిపిస్తుంది. బయటికి కనిపించేదాన్ని ఒక్క మనిషి ఇష్టానికి వదిలేయకూడదని చట్టం ఎంతో ముందుచూపుతో చెప్పింది. కిటికీ ఉమ్మడిది, దాని సందుల్లోంచి వచ్చే చలి మాత్రం పూర్తిగా ఇర్మెలా గారి సొంతం. అందులో వాటా కావాలని ఇంతవరకూ ఏ యజమానీ దావా వేయలేదు.

ఆ కిటికీలు చక్రవర్తుల కాలం నాటివి. ఓకు చెక్క చట్రాలు, పల్చటి అద్దాలు. చక్రవర్తి వెళ్ళిపోయాడు, రెండు యుద్ధాలు వచ్చిపోయాయి, కిటికీలు మిగిలాయి. ఉత్తరపు గాలి వీచిన రోజున మూసిన కిటికీల వెనక తెరలు గదిలోకి వంగి నమస్కారం పెడతాయి. పియానో మీద పెట్టిన స్వరాల పుస్తకం తనంతట తానే పేజీ తిప్పుకుంటుంది. విద్యార్థులకి పేజీ తిప్పే శ్రమ తప్పిన మాట నిజమే. కాకపోతే గాలికి తాళజ్ఞానం తక్కువ, ప్రతిసారీ రెండు వరసలు ముందే తిప్పేసేది.

చలికాలంలో పిల్లలు వేళ్ళ కొసలు కత్తిరించిన ఉన్ని తొడుగులతో పియానో నేర్చుకునేవాళ్ళు. వాళ్ళలో మారిట్ అనే పదేళ్ళ పిల్లకి నోరు కాస్త ఎక్కువ.

"టీచర్, నాకు నల్లమెట్లు ఎక్కువున్న పాటలే ఇవ్వండి. తెల్లవాటికంటే అవి కాస్త వెచ్చగా ఉంటాయి."

మారిట్ తల్లి హెన్నింగ్ గారు ఆ చలిని అంత సరదాగా తీసుకోలేదు. కిందటి క్రిస్మస్ ముందు ఇర్మెలా తన గదిలో పిల్లల కచేరీ పెట్టింది. ఏటా పెడుతుంది. ఆ కచేరీ చూశాకే తల్లిదండ్రులు వచ్చే ఏడాదికి పిల్లల్ని చేర్పిస్తారు. కిందటేడు వచ్చినవాళ్ళెవరూ కోట్లు విప్పలేదు. తొడుగులున్న చేతులతో కొట్టిన చప్పట్లు ఎవరికీ వినపడలేదు. దాంతో ప్రతి పిల్లా తను బాగా వాయించలేదనుకుని ఏడుపు మొహంతో ఇంటికి వెళ్ళింది. ఆ తరవాతి వారమే ముగ్గురు పిల్లలు నదికి అవతల టోలె గారి దగ్గర చేరిపోయారు.

ఇప్పుడు హెన్నింగ్ గారు గుమ్మంలో నిలబడి తేల్చి చెప్పింది.

"వీగాండ్ గారూ, మీ చేతుల్లో విద్య ఉంది. టోలె గారి చేతుల్లో లేదు, అది నాకూ తెలుసు. కానీ ఆయన ఇంట్లో నేల కిందనుంచి వేడొస్తుంది. మా అమ్మాయికి మీ ఇంట్లో సందు గాలి తగిలి మెడ పట్టేసింది. మెడ తిప్పలేని పిల్ల సంగీతం నేర్చుకుని ఎవరికి వాయిస్తుందండీ? ఎదురుగా కూర్చున్నవాళ్ళకేనా?"

"ఈ ఏడాది కిటికీలు మారతాయండీ. మహాసభలో పెడుతున్నాం."

"కిందటేడూ అదే అన్నారు. అంతకు ముందేడూ అదే అన్నారు. ఈసారి కచేరీ వరకూ చూస్తాను. నేను ఒక్కదాన్నే కాదు, మిగతా తల్లులు కూడా."

సందు గాలి అంటే ఏమిటో పాఠకులకి చెప్పాలి. ఈ ఊరివాళ్ళకి పాము కన్నా సందు గాలి అంటే భయం. మెడ పట్టేసినా, చెవిపోటు వచ్చినా, కుదిరిన పెళ్ళి తప్పిపోయినా మూలకారణం సందు గాలే. డాక్టర్లు కాదంటారు. డాక్టర్లకేం తెలుసు, వాళ్ళ ఆసుపత్రులకి కొత్త కిటికీలున్నాయి.

పిల్లలు వెళ్ళిపోతే ఇర్మెలాకి మిగిలేది ఫుల్డాలో బావగారి గుండీల దుకాణం. అక్కడ గల్లాపెట్టె వెనక ఒక కుర్చీ ఆవిడ కోసం ఖాళీగా ఉంది. బావగారు మంచివాడు. ప్రతి పండక్కీ ఫోన్ చేసి, "కుర్చీ మీద కొత్త దిండు వేయించాను మరదలా, నీ సంగీతం ఎలా ఉంది?" అని ఒకే ఊపిరిలో అడిగేవాడు.

*

యజమానుల మహాసభ ఏటా వీధి చివరి సత్రం వెనక గదిలో జరుగుతుంది. మేనేజరు ఫేల్జ్ గారు హాజరు వేస్తుంది. పక్క హాల్లో బౌలింగ్ ఆడేవాళ్ళు చెక్క కొయ్యల్ని పడగొట్టినప్పుడల్లా సభలో ఒక వాక్యం పోతుంది. సభ మొదలవగానే ఎవరో ఒకరు, "ఇక్కడ గాలి లేదు," అంటారు. వెంటనే కిటికీలన్నీ తెరుస్తారు. అందరూ కోట్లు తొడుక్కుంటారు. ఆ తరవాత ఇళ్ళు వెచ్చబరిచే విషయం చర్చకు వస్తుంది.

ఈ సభ అసమర్థమైనదని ఎవరూ అనుకోకూడదు. సైకిళ్ళు ఏ గోడకి ఆనించాలో, కాలితుడుపు పట్టాల రంగు ఎంత ముదురుగా ఉండవచ్చో ఇది ఇదివరకే తేల్చింది. కిటికీల విషయంలో మాత్రం చిక్కు ఉంది. భవనం నియమావళి ప్రకారం బయటి రూపం మారాలంటే అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. ఓటు రహస్యం. చీటీలు మడిచి అధ్యక్షులు డ్రెసెల్ గారి టోపీలో వేయాలి. ఏటా ఆ టోపీలోంచి ఒకే ఒక్క "వద్దు" బయటికి వస్తుంది.

అది ఎవరిదో అందరికీ తెలుసు. హార్ట్‌విగ్ డ్రెసెల్ గారు మొదటి అంతస్తులో ఉంటారు, జిల్లా కార్యాలయంలో పెద్ద ఉద్యోగం చేసి విరమించారు. స్వచ్ఛమైన గాలి ఆయన మతం. ఆయన లేచి నిలబడ్డారు.

"మిత్రులారా! ఈ భవనం మన తాతల కాలం నుంచీ ఊపిరి తీస్తోంది. లోపలికి పీలుస్తోంది, బయటికి వదులుతోంది. దాని ముక్కు మూసేయమని కొందరు కోరుతున్నారు. మా నాన్నగారు నిండు చలికాలంలో కిటికీ తెరుచుకుని పడుకునేవారు. పొద్దున్నే లేచి, మీసాల మీది మంచు దులుపుకుని ఆఫీసుకి వెళ్ళేవారు. జీవితంలో ఒక్కరోజు సెలవు పెట్టలేదు. వేడి మనిషిని మెత్తబరుస్తుంది మిత్రులారా! వెన్నని చూడండి!"

సభ్యులు పిడికిళ్ళతో బల్లలు తట్టి హర్షం తెలిపారు. వెన్న గురించిన వాదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

తరవాత ఇంధనం ఆదా మీద సలహాలిచ్చే నిపుణుడు మాట్లాడాడు. ఇర్మెలా గదిలో మూసిన కిటికీ పక్కన కొవ్వొత్తి వెలిగిస్తే ఆరిపోయిందని చెప్పాడు. గది మధ్యలో వెలిగించినా ఆరిపోయిందన్నాడు. బీరువా వెనక వెలిగిస్తే కాసేపు నిలబడి, ఆలోచించుకుని ఆరిపోయిందన్నాడు.

"కొవ్వొత్తి ఏ కంపెనీది?" అని అడిగారు డ్రెసెల్ గారు.

నిపుణుడు తడబడ్డాడు. అతనికి తెలియదు. కొవ్వొత్తి నాణ్యత తేలేవరకూ ఆ పరీక్షని పరిగణనలోకి తీసుకోరాదని సభ నిర్ణయించింది. చీటీలు టోపీలో పడ్డాయి. ఒక్క "వద్దు" వచ్చింది. నియమావళి ఒక వెసులుబాటు ఇచ్చింది కనుక, కచేరీకి ముందే నవంబరులో ప్రత్యేక సభ పిలిచి ఇంకొక్కసారి ఓటు వేయవచ్చని ఫేల్జ్ గారు ప్రకటించింది. అదే ఆఖరి అవకాశం.

*

ఇర్మెలా ఒక సాహసం చేసింది. ముందుగా సమయం అడగకుండా డ్రెసెల్ గారి ఇంటి గంట కొట్టింది. ఇరవై ఏళ్ళుగా ఒకే మెట్లెక్కి దిగుతున్న ఇరుగుపొరుగు మధ్య ఇది దాదాపు దోపిడీతో సమానం.

తలుపు తెరుచుకుంది. డ్రెసెల్ గారు రెండు స్వెటర్లు వేసుకుని ఉన్నారు. వాటి మీద డ్రెస్సింగ్ గౌను ఉంది. నడుం చుట్టూ వేడినీళ్ళ సంచి ఉంది. దాన్ని ఆఫీసుకి కట్టుకునే టైతో బిగించి కట్టారు.

"చెప్పకుండా వచ్చినందుకు క్షమించాలి, డ్రెసెల్ గారూ."

"క్షమాపణలు తరవాత. ముందు లోపలికొచ్చి తలుపెయ్యండి, చలి!"

ఆ మాట ఇద్దరి మధ్యా నేల మీద పడ్డట్టయింది. ఇద్దరూ కాసేపు దానివంక చూస్తూ నిలబడ్డారు.

"ఆ మాట నేననలేదు," అన్నారాయన.

"మీరు అనలేదు. నేను వినలేదు," అంది ఇర్మెలా. "కానీ మీ నడుం చుట్టూ ఉన్నదాన్ని చూశాను. ఇన్ని కట్టుకుని మీరు 'వద్దు' అని ఎలా రాయగలుగుతున్నారండీ? నా బతుకు వీధిన పడుతోంది."

డ్రెసెల్ గారు గొంతు తగ్గించారు. "నేను రాసేది 'అవును' అనే. ఏటా అదే రాస్తున్నాను. పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. నన్ను మించి కొత్త కిటికీలు కోరేవాడు ఈ ఇంట్లో లేడు."

"మరి ఆ ఉపన్యాసం? ఆ వెన్న?"

"ఉపన్యాసం వేరు, ఓటు వేరు. ఉపన్యాసం అధ్యక్షుడిది, ఓటు నడుముది."

"ఆ ముక్క సభలోనే చెప్పచ్చు కదా."

"చెప్తే నా పరువేం కాను? మా నాన్నగారి మీసాల సంగతి ఊరంతా తెలుసు."

ఇర్మెలా ఉండబట్టలేక అడిగింది. "నిజంగా మీసాల మీద మంచు పేరుకునేదా?"

"ఆయనకి మీసాలే లేవు," అన్నారు డ్రెసెల్ గారు దిగులుగా.

ఆవిడ మెట్లెక్కుతూ ఒక్కొక్కరినీ లెక్క వేసుకుంది. డ్రెసెల్ కాకపోతే ఎవరు? మిగిలిన వాళ్ళందరూ సభలో చలికి పళ్ళు కటకటలాడుతుంటే కొత్త కిటికీల పక్షాన మాట్లాడినవాళ్ళే. కింది అంతస్తు ఒటీలియా ముసలమ్మని అనుమానించడమంటే పాపం. ఆవిడ ఇర్మెలా కిటికీ సందుల్లో పెట్టుకోవడానికి ఏటా ఉన్ని కుక్కిన పొడుగాటి చుట్టలు అల్లి ఇస్తుంది. వయసు మీద పడి కొలత తప్పుతోంది గానీ మనసు బంగారం. ప్రతి చుట్టా సరిగ్గా జానెడు తక్కువ పడుతుంది. ఆ జానెడు సందులోంచి గాలి ఈల వేసుకుంటూ వస్తుంది.

హంతకుణ్ణి పట్టుకోవడం పక్కన పెట్టి, ముందు ప్రాణం కాపాడుకుందామనుకుంది ఇర్మెలా. మర్నాడు దళసరి ఫెల్టు గుడ్డ, జిగురు టేపు కొనుక్కొచ్చి, ఆ జానెడు సందులతో సహా మూడు కిటికీలూ బిగించేసింది. ఆ మధ్యాహ్నం మారిట్ చేత కచేరీ పాట మొదటి నుంచి చివరిదాకా వాయించింది. పిల్ల వెళ్ళాక తనూ చీకటి పడేదాకా వాయించుకుంది.

తలుపు చప్పుడైంది. ఒటీలియా. మోకాళ్ళు పట్టుకుని, రొప్పుతూ, రెండంతస్తులెక్కి వచ్చింది.

"ఏం పిల్లా, ఒంట్లో బాలేదా? ఇవాళ పియానో ముట్టుకోలేదేం?"

"ముట్టుకోకపోవడమేమిటండీ? మధ్యాహ్నం నుంచీ వాయిస్తూనే ఉన్నాను."

"అబద్ధం. నా కిటికీ తెరుచుకుని, మోచేతుల కింద దిండేసుకుని అప్పటినుంచీ కూర్చునే ఉన్నాను. చెవిన పడితే ఒట్టు."

ఇర్మెలా టేపు వేసిన కిటికీ వంక చూసింది. కింద పడి ఉన్న ఉన్ని చుట్ట వంక చూసింది. ముసలమ్మ వంక చూసింది.

"ఒటీలియా గారూ, మీరు అల్లే చుట్టలు ఎప్పుడూ జానెడు తక్కువ ఎందుకు పడతాయండీ?"

ముసలమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపు తన మోకాలితో మాట్లాడుతున్నట్టు దాన్ని నిమురుకుంది.

"మా ఆయన పోయాక ఆ ఇంట్లో నాతో మాట్లాడిన చప్పుడేదైనా ఉంటే అది నీ పియానో ఒక్కటే. ఆ గాడిద పిల్లలు తప్పులు వాయిస్తారు, నువ్వు దిద్దుతావు, మళ్ళీ వాయిస్తారు. రోజంతా దానికోసమే కూర్చుంటాను. ఆ మూడు అద్దాల కిటికీలు పెడితే వీధిలో ఫిరంగి పేల్చినా వినపడదట. నీకు ఉన్ని కావాలి, ఇచ్చాను. నాకు జానెడు కావాలి, ఉంచుకున్నాను. ఇందులో తప్పేముంది?"

"టోపీలో 'వద్దు' వేసింది మీరా?"

"టోపీ రహస్యం టోపీదే. అలా నోరెళ్ళబెట్టకు, చలి గాలి పోతుంది లోపలికి."

"పైకి వచ్చి ఈ గదిలోనే కూర్చుని వినచ్చు కదా! కాఫీ ఇస్తాను, కేకు పెడతాను."

ఒటీలియాకి ఒళ్ళు మండింది. "పిలిచావు కదా అని రోజూ పేరంటానికి వస్తానా? పైకొస్తే మంచి గౌను వేసుకోవాలి. బాగుందని తలూపాలి. ఆ పిల్లలకి చప్పట్లు కొట్టాలి. కింద కూర్చుంటే నచ్చనిచోట తిట్టుకోవచ్చు. అక్కడ వింటే అది నా సంగీతం, ఇక్కడ వింటే అది నీ కచేరీ."

చాలాసేపు బేరం సాగింది. చివరికి ఒటీలియా షరతు పెట్టింది. "నువ్వు వాయిస్తున్నంతసేపూ, పిల్లలు వాయిస్తున్నంతసేపూ, ఒక కిటికీ బార్లా తెరిచి ఉంచాలి. అలా అయితే నా చీటీ మీద 'అవును' అని రాస్తాను."

"చలికాలంలో కూడానా?"

"చలికాలం కోసమే అడుగుతున్నాను. ఎండాకాలంలో ఎలాగూ తెరిచే ఉంచుతావుగా."

"అలాంటప్పుడు కొత్త కిటికీలు దేనికండీ?"

"అది నన్నడుగుతావేం పిల్లా? కావాలంటున్నది నువ్వు."

ఇర్మెలా సరేనంది. ఒకసారి కిటికీలు వచ్చాక మాట సంగతి చూసుకోవచ్చనుకుంది. పెద్ద పెద్ద దేశాలే అలా చేస్తాయి.

*

నవంబరు ప్రత్యేక సభలో డ్రెసెల్ గారు వెన్నతో పాటు ఈసారి కొవ్వొత్తిని కూడా ఉదహరించి మరింత గొప్పగా మాట్లాడారు. బల్లలు మోగాయి. తరవాత టోపీలోంచి ఒక్కొక్క చీటీ తీసి చదివారు. అవును. అవును. అవును. చివరి చీటీ కూడా అవునే. డ్రెసెల్ గారు టోపీ తిరగేసి దులిపారు. లోపలి గుడ్డ కింద వేలు పెట్టి వెతికారు. జీవితమంతా తెరవమని తిట్టిన తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే మనిషి మొహం ఎలా ఉంటుందో ఆయన మొహం అలా ఉంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఆయనకి వెంటనే అర్థమైంది. చీటీలన్నీ అవును అయితే, తనదీ అవునే అని తేలిపోతుంది. అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. అప్పుడు డ్రెసెల్ గారు ఒక మహానాయకుడు మాత్రమే చేయగల పని చేశారు.

"మిత్రులారా! నేను అవునన్నాను, నిజమే. ఎందుకన్నాను? ఇన్నాళ్ళూ గాలి మన ఇళ్ళలోకి దొంగలా, తనకి తోచినప్పుడల్లా దూరింది. దానికి ఒక పద్ధతి లేదు, వేళ లేదు. ఇకపై గాలి మన అనుమతితో, వేళ ప్రకారం, తలెత్తుకుని కిటికీలోంచి వస్తుంది! కొత్త కిటికీలు బిగుతైనవి. మూసి ఉంచితే లోపలి గాలి కుళ్ళుతుంది, గోడలకి బూజు పడుతుంది. కనుక పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నేను గంట మోగిస్తాను. గంట మోగగానే భవనంలోని ప్రతి కిటికీ బార్లా తెరవాలి. గది పూర్తిగా చల్లబడ్డాక మాత్రమే మూయాలి!"

బల్లలు అంతకు ముందెన్నడూ అలా మోగలేదు. పక్క హాల్లో బౌలింగ్ ఆగిపోయింది.

కిటికీలు వచ్చాయి. మూడేసి అద్దాలు, మధ్యలో గాలి కాని గాలి ఏదో నింపారట. పనివాళ్ళు ఆఖరి రెక్క మూసి వెళ్ళిపోయాక ఇర్మెలా గదిలో ఒంటరిగా నిలబడింది. తెరలు కదల్లేదు. పేజీ తిరగలేదు. రేడియేటరులోంచి వచ్చిన వేడి ఎక్కడికీ పారిపోకుండా ఆవిడ చుట్టూనే నిలబడింది. ఇర్మెలా మెడ చుట్టూ ఉన్న మఫ్లరు విప్పింది. ఎన్నో చలికాలాల తరవాత బయటపడ్డ మెడకి కాస్త సిగ్గేసింది. ఆవిడ పియానో స్టూలు మీద కూర్చుని, ఏమీ వాయించకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు గంట మోగింది.

అది డ్రెసెల్ గారు ఆల్ప్స్ కొండలకి విహారానికి వెళ్ళినప్పుడు తెచ్చుకున్న ఆవు మెడ గంట. పదకొండో నంబరు భవనంలోని కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. లోపలి వేడి మొత్తం టోప్ఫర్ వీధిలోకి దిగిపోయింది. నాలుగు రోజుల్లోనే వీధిలోని పిల్లులు ఈ వేళలు కంఠస్థం చేశాయి. బస్సు కోసం నిలబడేవాళ్ళు గంట మోగగానే ఇటువైపు జరిగి, చేతులు చాచి వెచ్చబరుచుకోవడం మొదలుపెట్టారు. ఆ చలికాలం కాసెల్‌లో అన్నింటికన్నా వెచ్చటి చోటు పదకొండో నంబరు ఇంటి ముందున్న కాలిబాట అని చెప్పుకునేవారు.

గంటకీ గంటకీ మధ్య పిల్లలు వచ్చేవారు. అప్పుడు ఒటీలియాకిచ్చిన మాట ప్రకారం ఇర్మెలా ఒక కిటికీ తెరవాలి. తెరవడం ఒక్క క్షణం ఆలస్యమైతే కిందనుంచి చీపురు కర్రతో గోడ తట్టిన చప్పుడు. మారిట్ తొడుగులు మళ్ళీ బయటికి వచ్చాయి.

"టీచర్, మీ కొత్త కిటికీలు భలే ఉన్నాయి. పాతవాటికన్నా ఎక్కువ చలి వేస్తోంది."

*

కచేరీ రోజు వచ్చింది. ఇర్మెలా ముందు రోజే కిందికి వెళ్ళి ఒటీలియాకి పద్ధతిగా పిలుపు ఇచ్చింది. గౌను లేదంది ముసలమ్మ. గౌను కొంటానంది ఇర్మెలా. మోకాలు లేదంది ముసలమ్మ. "ఒక్క రోజు, ఒక్క రోజుకి కిటికీ మూసుకోనివ్వండి," అని బతిమాలింది. "మాట మాటే పిల్లా," అంది ముసలమ్మ, దిండు సర్దుకుంటూ.

మర్నాడు ఇర్మెలా మాట తప్పింది. మూడు కిటికీలూ మూసేసింది. గుండీల దుకాణంలో దిండు వేసిన కుర్చీ కళ్ళ ముందు కదులుతుంటే ఎవరైనా అదే చేస్తారు. మధ్యాహ్నం గంట అయిపోయింది, సాయంత్రం గంట ఇంకా మోగలేదు. ముసలమ్మకి చెప్పాల్సిన క్షమాపణలు రేపటికి దాచుకుంది.

తల్లిదండ్రులు వచ్చారు. కోట్లు విప్పారు! హెన్నింగ్ గారు గదంతా చూసి, మెడ ఇటూ అటూ తిప్పి పరీక్షించుకుని, మొదటిసారి నవ్వింది. డ్రెసెల్ గారు అధ్యక్ష హోదాలో ముందు వరసలో కూర్చున్నారు. పిల్లలు తొడుగులు లేని వేళ్ళతో వాయించారు. తప్పులు పోయాయి. ఇర్మెలా గుండె పియానోకి తాళం వేస్తోంది. గెలిచాననుకుంది.

మూడో పాటకి అద్దాల మీద ఆవిరి పట్టింది. నాలుగో పాటకి చుక్కలు కారాయి. ఐదో పాటలో ఒక తండ్రి గురక అందుకున్నాడు, అదీ వేరే శ్రుతిలో. ఆరో పాట మొదలుపెట్టబోతుంటే హెన్నింగ్ గారు కార్యక్రమ పత్రంతో విసురుకుంటూ లేచింది.

"వీగాండ్ గారూ, ఇదేమిటండీ? ఇక్కడ గాలి లేదు!"

"లేదు! గాలి లేదు!" అన్నారు వెనక వరసవాళ్ళు.

"టోలె గారింట్లోనూ ఇదే గోల. నేల వెచ్చగా ఉంటుంది, ఊపిరాడదు. కిందటేడు మీ దగ్గర మానేసిన ఆ ముగ్గురూ అందుకే అక్కడా మానేశారు. మీరు కూడా ఇలా తయారయ్యారేమిటండీ?"

ఇర్మెలా లేచి వెళ్ళి మధ్య కిటికీ తెరిచింది. ఆగి, రెండోది తెరిచింది. ఎలాగూ మునిగాం కదా అని మూడోదీ తెరిచింది. మంచుతో కలిసిన ఉత్తరపు గాలి గదిలోకి ఊరేగింపులా వచ్చింది. తెరలు లేచాయి. స్వరాల పుస్తకం పాత అలవాటు గుర్తొచ్చినట్టు పేజీ తిప్పుకుంది. జనం గబగబా కోట్లు తొడుక్కున్నారు, మఫ్లర్లు చుట్టుకున్నారు, తొడుగులు వేసుకున్నారు. తరవాత అందరూ కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చారు.

"అబ్బ!" అన్నారు అందరూ. "ఇప్పుడు హాయిగా ఉంది!"

డ్రెసెల్ గారు అందరికన్నా గట్టిగా పీల్చారు. ఆయన నడుం దగ్గర నీళ్ళు కదిలిన చప్పుడు చిన్నగా వినిపించింది.

హెన్నింగ్ గారికి ఒక్కటే అనుమానం మిగిలింది. "ఇది సందు గాలి కాదు కదా?"

"కాదండీ. కిటికీ నేనే తెరిచాను."

"అయితే ఫర్వాలేదు. మెడకేమీ కాదు."

కిందనుంచి, వీధిలోంచి, ఒక గొంతు పైకి లేచింది. "మొదటి పాట నుంచీ మళ్ళీ వాయించండే గాడిదల్లారా! ఇంతవరకూ నాకొక్క ముక్క వినపడలేదు!"

మొదటి పాట నుంచీ మళ్ళీ వాయించారు. తొడుగులు వేసుకుని వాయించారు, తప్పులతో వాయించారు. తొడుగుల చేతులతో కొట్టిన చప్పట్లు ఎవరికీ వినపడలేదు. అయినా ఆ సాయంత్రం వచ్చిన ప్రతి తల్లీ తన పిల్లని మళ్ళీ చేర్పించింది. టోలె గారిని వదిలేసిన ముగ్గురూ తిరిగి వచ్చారు. ఫుల్డాలో బావగారు ఆ కుర్చీని ఇంకెవరికో ఇచ్చేశాడు. ఇర్మెలా మఫ్లరు మళ్ళీ మెడకి చుట్టుకుంది, ఈసారి తృప్తిగా.

గది పూర్వం ఎంత చల్లగా ఉండేదో ఇప్పుడు అంతకన్నా కాస్త చల్లగా ఉంది. కాకపోతే ఆ చలి ఇప్పుడు అందరి ఆమోదంతో, తీర్మానం ప్రకారం వస్తోంది. అందువల్ల ఎవరికీ మెడ పట్టడం లేదు. తరవాతి మహాసభలో ఇంటి ఇంధన ఖర్చు బాగా పెరిగినట్టు ఫేల్జ్ గారు చదివి వినిపించింది. దానికి కారణం వాతావరణమని సభ ఏకగ్రీవంగా తేల్చింది. గాలికి క్రమశిక్షణ నేర్పినందుకు డ్రెసెల్ గారికి కృతజ్ఞతలు తెలిపింది. తెరిచిన కిటికీల్లోంచి వేడి పోకుండా ఉండటానికి నాలుగేసి అద్దాల కిటికీలు పెట్టడం మంచిదేమో పరిశీలించమని ఒక సంఘాన్ని వేసింది.

ఈ కాసెల్ జనం తెలివి చూసి నవ్వొస్తోందా? నిరభ్యంతరంగా నవ్వండి. నడివేసవిలో తలుపులు బిడాయించి, ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని, రగ్గు కప్పుకుని ఇది చదువుతున్న మీకు ఆ హక్కు పూర్తిగా ఉంది. నవ్వేముందు మాత్రం రగ్గు మెడదాకా లాక్కోండి. పడిశం పడుతుంది.